లేనిదాన్ని లెక్కపెట్టడం



"సార్, ఈ గడిలో ఏం రాయమంటారు?" అని అడిగిందొక అమ్మాయి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాగు ఒడ్డున తెల్ల ఎనామిల్ ట్రే ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో ఫోర్సెప్స్, ఒళ్ళో ప్రాక్టికల్ రికార్డు. పట్టికలో మేఫ్లై అన్న వరస ఖాళీగా ఉంది. ట్రే మొత్తం రెండుసార్లు వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"లేకపోతే సున్న రాయమ్మా" అన్నాను.

ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు. "సున్న రాస్తే మార్కులు వేస్తారా సార్? సీనియర్ల రికార్డులో ఆరు అని ఉంది" అంది.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. వైవాల్లో పిల్లల్ని నేనడిగిన ప్రశ్నలు చాలావరకు మరిచిపోయాను గానీ, ఆ పిల్ల నన్నడిగిన ప్రశ్న మరిచిపోలేదు. ఈ పూట నా ప్రసంగమంతా ఆ ఒక్క గడి గురించే.

మేఫ్లై అంటే ఏమిటో ముందు చెప్పాలి. తొలకరి వానలకి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు వేరు, ఇవి వేరు. ఉసిళ్ళు చెదల జాతి. మేఫ్లై పిల్ల నీళ్ళలో, రాళ్ళ అడుగున బతుకుతుంది. చాలావాటికి గోటి పొడవు కూడా ఉండదు. వెనక మూడు సన్నని తోకలు, కొన్నిటికి రెండే. పొట్టకి రెండు పక్కలా చిన్న రేకుల్లాంటి మొప్పలు. వారాలు, నెలలు అలా నీళ్ళలో పెరిగి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులు బతికితే గొప్ప. రెక్కల పురుగుకి తిండి తినే నోరే ఉండదు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే చాలా రకాల మేఫ్లై పిల్లలు తట్టుకోలేవు. చస్తాయి, లేదా పట్టు వదిలి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. అందుకే అవి రకరకాలుగా, దండిగా ఉన్న వాగులో నీళ్ళు బాగున్నాయంటాం. ఇలా తాను ఉండటంతోనో లేకపోవడంతోనో పరిసరాల సంగతి చెప్పే ప్రాణిని జీవ సూచిక అంటారు. కాలేజీ భాషలో బయోఇండికేటర్.

ఇలాంటిది మీ వంటింట్లోనూ ఒకటుంది. బిర్యానీ మసాలాలో లవంగం, దాల్చినచెక్క, అనాసపువ్వు పక్కన ఎండి ముడుచుకున్న ఆకు ముక్కలా, ఒకవైపు నలుపు, ఒకవైపు బూడిదరంగుతో కనబడేదే రాతిపువ్వు. పేరుకే పువ్వు. నిజానికది లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి పెట్టిన ఉమ్మడి కాపురం. ఇల్లు శిలీంధ్రానిది, వంట శైవలానిది. ఆ ఇంటికి తలుపుల్లేవు. వేళ్ళు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పూత లాంటిదీ లేదు. గాలిలో, వానలో ఏది వస్తే అది ఒళ్ళంతా పీల్చుకుంటుంది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ లోపలికి వెళితే వంటమనిషికి దెబ్బ తగులుతుంది. ఆ తర్వాత ఇల్లు నిలవదు.

పారిస్ నగరంలో మరెక్కడా కనబడని లైకెన్లు లక్సెంబర్గ్ తోటలో ఉండటం చూసి, ఇవి గాలి మంచిచెడ్డలు చెబుతాయని ఫిన్లాండ్ శాస్త్రవేత్త విలియం నైలాండర్ 1866లో రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్‌లలో చెట్ల బోదెల మీద ఏ లైకెన్లు ఉన్నాయో, ఏవి లేవో చూసి, సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉందో అంచనా కట్టే కొలబద్ద తయారుచేశారు. ఖరీదైన యంత్రం లేకుండా, చెట్టు దగ్గర నిలబడి గాలిని కొలవడమన్నమాట.

విద్యార్థులతో ఈ పని చేయించడం సులువే. ఒకే జాతి చెట్లు ఎంచుకోవాలి. మామిడిని మామిడితోనే పోల్చాలి. నీలగిరి చెట్టు పనికిరాదు, దాని బెరడు ఊడిపోతూ ఉంటుంది. నేల నుంచి మీటరు ఎత్తున, బోదెకి నాలుగు దిక్కులా, పది సెంటీమీటర్ల గళ్ళు ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చిన నిచ్చెనలాంటి చట్రం ఆనించాలి. ఏ గడిలో ఏ రకం ఉందో రాసుకోవాలి. చాలా గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని కూడా రాసుకోవాలి. పిల్లలకి కష్టమనిపించేది అక్కడే.

"కొలవడానికి మీటరుంది కదా సార్, పురుగుల్నీ పాచినీ ఎందుకు నమ్మాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మీటరు ముంచిన నిమిషంలో ఆ నీళ్ళెలా ఉన్నాయో అది చెబుతుంది. మరు నిమిషానికి ఆ నీళ్ళు అక్కడుండవు. నీళ్ళు దారిన పోయేవి, పురుగులు కాపురం ఉండేవి. రాత్రి రెండింటికి ఎవరో తూము ఎత్తి మురుగు వదిలారనుకోండి. పొద్దున పదింటికి మనం వెళ్ళేసరికి బాటసారి వెళ్ళిపోయి ఉంటాడు. ఏం జరిగిందో చెప్పాల్సింది ఇంటివాళ్ళే. ఇంట్లో ఎవరూ లేరంటే, అదే వాంగ్మూలం.

ఇక వాగులో పని. వల నోరు ఎగువకి తిప్పి పట్టుకుని, దాని ముందు అడుగున ఉన్న రాళ్ళనీ ఇసుకనీ కాలితో కలియదొక్కాలి. లేచినవన్నీ నీటి వాలుకి వచ్చి వలలో పడతాయి. వల కన్ను అర మిల్లీమీటరు ఉండాలి. దోమతెర గుడ్డ కడితే సన్నవి జారిపోతాయి. గడియారం చూసి మూడు నిమిషాలు. బాగా పడుతున్నాయని నాలుగో నిమిషం తొక్కకూడదు, ఏమీ పడటం లేదని రెండో నిమిషంలో ఆపకూడదు. కొలత మారితే ఈ చోటుని ఆ చోటుతో పోల్చలేం. చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు తప్పనిసరి. మురుగు కలిసే చోట ఇంకా జాగ్రత్త.

వలలోది ట్రేలో పోశాక మొదట ఏమీ కనబడదు. ఆకు ముక్కలు, ఇసుక, బురద. "ఏం లేవు సార్" అంటారు పిల్లలు. ఆగమంటాను. నీళ్ళు తేరుకుంటాయి. అప్పుడొక పుల్లముక్క నడవడం మొదలుపెడుతుంది. లెన్సు పెట్టి చూస్తే అదొక క్యాడిస్ పురుగు. ఇసుక రేణువుల్ని పట్టుదారంతో అతికించి గొట్టం కట్టుకుని, అందులోంచి తలా కాళ్ళూ బయటపెట్టి పాకుతోంది. ఆ పక్కనే తూనీగ పిల్ల, బురద పూసుకుని, కదలకుండా. ఇంతవరకూ ఏం లేవన్న పిల్లలు ఇప్పుడు ఒకరినొకరు తోసుకుంటారు.

పేర్లు రానివాళ్ళు కూడా చేయగలిగిన లెక్క ఒకటుంది. ట్రేలోంచి ఒక్కొక్క ప్రాణినీ తీసి, తీసిన వరసలోనే పక్కపక్కన పెట్టాలి. కంటికి పెద్దవే ముందు కనబడతాయి కాబట్టి ట్రేని గళ్ళుగా అనుకుని, చీటీలో వచ్చిన గడిలోవే తీయాలి. ఒకరు తీస్తారు, ఒకరు రాస్తారు. ప్రతిదాన్నీ దాని ముందుదానితో పోల్చడమే పని. "అదే… వేరే… వేరే… అదే…" అంటూ ఒడ్డంతా ఆటలా ఉంటుంది. "వేరే" అన్నప్పుడల్లా కొత్త గుంపు మొదలైనట్టు. చివరికి గుంపుల సంఖ్యని ప్రాణుల సంఖ్యతో భాగించాలి. పూసల దండ అనుకోండి. 50 పూసల్లో రంగు మారుతూ మారుతూ 38 గుంపులు వస్తే 0.76. యాభైకి యాభై ఎర్ర పూసలే అయితే ఒకటే గుంపు, 0.02. సున్నకి దగ్గరయ్యేకొద్దీ ఆ నీళ్ళని ఒక్క జాతే ఏలుతున్నట్టు.

ఎర్ర పూసలని ఊరికే అనలేదు. మురుగు బాగా కలిసిన చోట ట్రే నిండా ఎర్రటి సన్నని పురుగులే ఉంటాయి. దోమలా కనబడినా కుట్టని ఒక రకం ఈగ పిల్లలవి. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే ఆ ఎరుపు, అందుకే ఆక్సిజన్ తక్కువైనా బతుకుతాయి. వాటితోపాటు ట్యూబిఫెక్స్. అక్వేరియం చేపలకి మేతగా అమ్మే ఎర్ర దారాలు. బురదలో తల దూర్చి తోక పైకెత్తి ఊపుతుంటాయి.

రెండో లెక్కకి పేర్లు కావాలి. 1970లలో బ్రిటన్‌లో తయారైన పట్టిక ప్రతి కుటుంబానికీ 1 నుంచి 10 దాకా మార్కులు వేస్తుంది. కాలుష్యాన్ని ఏ మాత్రం ఓర్చుకోలేనివాటికి 10, ఏ మురుగైనా ఫర్వాలేదనేవాటికి 1. ఒక ట్రేలో పది మార్కుల మేఫ్లై కుటుంబాలు రెండు, ఎనిమిది మార్కుల తూనీగ ఒకటి, ఐదువి, నాలుగువి, రెండువి ఒక్కొక్కటి దొరికాయనుకోండి. మొత్తం 39. ఆరు కుటుంబాలతో భాగిస్తే సగటు 6.5. ఇంకో ట్రేలో నత్తకి 3, ఎర్ర పురుగుకి 2, ట్యూబిఫెక్స్‌కి 1. సగటు 2. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ రెండు రకాల లెక్కల్నీ కలిపి నీళ్ళని ఐదు తరగతులు చేసింది. శుభ్రమైనదానికి నీలం రంగు, మరీ చెడినదానికి ఎరుపు.

పట్టిక చేతికొచ్చింది కదా అని గుడ్డిగా వేసేయకూడదు. స్టోన్‌ఫ్లై అనే పురుగు కుటుంబాల్లో చాలావాటికి అందులో పదికి పది. అది చల్లని కొండ నీళ్ళని ఇష్టపడుతుంది. మన దక్కన్ వాగుల్లో సహజంగానే అరుదు. అది కనబడలేదని వాగు చెడిపోయిందంటే పొరపాటు. అందుకే ముందు అదే ప్రాంతంలో, మురుగు తగలని చోటొకటి చూసుకోవాలి. అక్కడ ఏముండాలో తెలిస్తేనే ఇక్కడ ఏది లేదో తెలుస్తుంది. అన్ని సున్నలూ ఒకటి కావు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఉద్యోగంలో కొత్త. వాగు నుంచి సాయంత్రం ఆలస్యంగా వచ్చాం. నమూనాలో వెంటనే ఆల్కహాలు పోయాలి. రేపు బతికున్నవాటిని చూపిస్తే పిల్లలు సంతోషిస్తారని ట్రేని అలాగే ల్యాబ్ బల్ల మీద వదిలేశాను. పొద్దున వచ్చి చూస్తే నీళ్ళ మీద తెగిన కాళ్ళు, తోకలు తేలుతున్నాయి. మధ్యలో తూనీగ పిల్ల ఒక్కటి, బాగా బలిసి. ముందురోజు ముప్ఫైకి పైగా ఉన్న మేఫ్లైలు మూడు మిగిలాయి. మా ల్యాబ్ అటెండర్ తొంగిచూసి, "రాత్రి పెళ్ళి భోజనం జరిగినట్టుంది సార్" అన్నాడు. ఆ రోజు నేను మూడు అని రాసి ఉంటే, వాగు చేయని తప్పు వాగు మీద వేసినవాణ్ణయ్యేవాణ్ణి.

పురుగులు చెప్పినదాన్ని రసాయన పరీక్షతోనూ సరిచూసుకోవాలి. కరిగిన ఆక్సిజన్‌కి హంగరీ శాస్త్రవేత్త వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతే ఈనాటికీ మన ల్యాబుల్లో నడుస్తోంది. 300 మిల్లీలీటర్ల గాజు సీసా, ఒక్క బుడగ కూడా లేకుండా నింపాలి. మాంగనస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ వేసి బిరడా పెట్టి తిప్పితే మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగు. ఒకసారి హైదరాబాద్ మురుగంతా కలిశాక మూసీ నీళ్ళు తెచ్చి చేశాం. మడ్డి తెల్లగా దిగింది, తెల్లగానే ఉండిపోయింది. అంటే కొలవడానికి ఆక్సిజనే లేదు. బ్యూరెట్‌తో కొలిచేదాకా పోనవసరం లేకుండానే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

కానీ రసాయన పరీక్షకి ఒక పరిమితి ఉంది. దేనికోసం వెతుకుతామో అదే దొరుకుతుంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. మామూలుగా చేసే నీటి పరీక్షల జాబితాలో ఆ పేరే ఉండదు.

విషం పేరు తెలియకపోయినా విషముందని చెప్పగలిగేది ఉల్లిపాయ. 1938లో స్వీడన్‌లో ఆల్బర్ట్ లెవాన్ మొదలుపెట్టిన పద్ధతి. పాత వేళ్ళు గీకేసి, ఉల్లి అడుగు మాత్రం నీటికి తగిలేలా పరీక్షనాళిక మీద కూర్చోబెట్టాలి. కొన్ని అనుమానమున్న నీళ్ళలో, కొన్ని మంచి నీళ్ళలో. మూడు రోజుల్లో వేళ్ళు దిగుతాయి. స్కేలుతో పొడవు కొలిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మిగతా సగానికి వేరు కొనను ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లంలో ఉంచి, వెచ్చని పలుచని ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మైన్ రంగు పట్టించి, స్లైడు మీద పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు పక్కకి జరిగిందా, పోయిందే! బాగా వస్తే మైక్రోస్కోపు కింద ఉల్లి కణంలో 16 క్రోమోజోములు ఎర్రగా కనబడతాయి. విషం తగిలితే విభజన తగ్గుతుంది. విడిపోవలసిన క్రోమోజోములు వంతెనలా సాగి ఆగిపోతాయి. విడిపోయిన తునక ఒకటి చుక్కలా పక్కన పడి ఉంటుంది.

ఒక ఏడాది మా మంచి నీళ్ళ ఉల్లికే వేళ్ళు సరిగ్గా దిగలేదు. తల బద్దలుకొట్టుకున్నాం. తీరా చూస్తే అవి కుళాయి నీళ్ళు. ఆ వారం క్లోరిన్ దండిగా కలిపారు. ఉల్లిపాయ అబద్ధం చెప్పలేదు, మేం అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది.

ఇదంతా నేర్పడానికి చోటు లేకపోలేదు. పర్యావరణ విద్యని అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ తయారుచేసిన సిలబస్‌లో చివరి యూనిట్ ఫీల్డ్ వర్కే. చెరువో, నదో, కాలుష్యం ఉన్న చోటో చూడాలి, చుట్టుపక్కల మొక్కల్నీ పురుగుల్నీ పక్షుల్నీ గమనించాలి. అప్పట్లో 100 మార్కుల్లో 25 దానికే. ఆ 25 ఎలా వచ్చేవో మనకి తెలియనిదేం కాదు. ఒకరి రికార్డు చూసి ఒకరు రాసేవారు, బొమ్మకి రంగులద్దేవారు, సంతకం పడేది.

అక్కడితో ఆగితే బాగుండును. కొన్నేళ్ళ కిందట మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం ఇచ్చిన పర్యావరణ నివేదికలో పైన్, బర్చ్ అడవులున్నాయని రాసి ఉంది. కొంకణ తీరంలో బర్చ్ చెట్లు! రష్యాలోని ఒక గని నివేదికని చూసి ఎక్కించారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. సీనియర్ రికార్డు చూసి రాసే అలవాటుకి ఉద్యోగం వస్తే అలాగే ఉంటుంది.

మళ్ళీ మన వాగు దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి చివరికి సున్న రాసింది. వింక్లర్ పద్ధతిలో చూస్తే ఆక్సిజన్ మాత్రం లీటరుకి ఆరు మిల్లీగ్రాముల పైనే ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండూ పొసగలేదు. "ఎగువకి పోదాం పదండి" అన్నాను. వంద అడుగులకొకసారి ఆగి, మూడు నిమిషాలు తొక్కి, ట్రేలో పోసి చూశాం. సున్న. మళ్ళీ సున్న. నాలుగో చోట మూడు సన్నని తోకలు కదిలాయి. వెనక్కి తిరిగి మూడో చోటుకీ నాలుగో చోటుకీ మధ్య ఒడ్డు వెతికితే, తుంగ గుబురులో సిమెంటు గొట్టం. అప్పుడందులో నీళ్ళు లేవు. నానిన వడ్లు పులిసిన వాసన మాత్రం ఉంది. ఉప్పుడు బియ్యం మిల్లొకటి వడ్లు నానబెట్టిన నీళ్ళని రాత్రిళ్ళు వదులుతోందని అక్కడ గేదెల్ని మేపుతున్న పెద్దాయన చెప్పాడు. వరసగా సున్నలు రాకపోతే ఆ గొట్టం దగ్గర మేం ఆగేవాళ్ళం కాదు.

సీనియర్ల ఆరు ఎక్కడిదో ఆరా తీశాను. వాళ్ళు తమ సీనియర్లది చూసి రాశారట. మొట్టమొదట లెక్కపెట్టిందెవరో ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ తర్వాత కొత్త బ్యాచ్‌ని అదే చోటుకి తీసుకెళ్ళాను. ఈలోగా ఊరివాళ్ళు గొడవ చేయగా, మిల్లువాళ్ళు తమ నీళ్ళకి వేరే గుంటలు తవ్వుకున్నారు. ఒక కుర్రాడు వల ముంచకముందే మేఫ్లై గడిలో పెన్సిల్‌తో సున్న వేసేసుకున్నాడు. ఆ అమ్మాయి రికార్డు చేతులు మారి వాడి దాకా వచ్చిందన్నమాట. నీళ్ళు తేరుకున్నాక చూస్తే ట్రేలో రెండు మేఫ్లైలు మొప్పలాడిస్తున్నాయి.

"రబ్బరుందా నాయనా?" అని అడిగాను.